పడవ పక్కన ఒక అంకె

కార్తీకమాసంలోనూ, పిల్లల సెలవుల్లోనూ మన కుటుంబాలు యాత్రలకు బయలుదేరడం మామూలే. మా ఆలంగాయం వైపు వాళ్ళకు నీళ్ళంటే ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే పాలారు, ఏలగిరి మీద పుంగనూరు చెరువులో బోటు షికారు, అంతే. అందుకేనేమో పెద్ద నీళ్ళమీద పడవ కనబడితే చాలు, ముందూ వెనకా చూడకుండా ఎక్కేస్తాం. 2019 వరకు నేనూ అంతే.

ఆ ఏడు సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర, పాపికొండలకు వెళ్తున్న రాయల్ వశిష్ట బోటు మునిగింది. ఎక్కినవారు 77 మంది, బతికినవారు 26 మంది. ఆనాడు నదిలో అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద. కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం ఆ బోటును పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర యాత్రికులను ఎక్కించే అనుమతి లేని ప్రైవేటు బోటు బోల్తాపడింది. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది పోయారు. అది చేపల పడవను మార్చి రెండంతస్తులుగా కట్టినది.

ఈ రెండంతస్తుల సంగతి కొంచెం చెప్పాలి. వరిగడ్డి ఎత్తుగా వేసిన బండి మలుపులో ఎందుకు ఒరుగుతుందో మనకు తెలుసు. పడవా అంతే. బరువు పైకి పోయేకొద్దీ నిలకడ తగ్గుతుంది. అందరూ ఫొటోల కోసం ఒకే పక్కకు పరుగెత్తితే చెప్పనే అక్కరలేదు. మోటారు పడవలను సర్వే చేయించి సర్టిఫికెట్టు తీసుకోవాలని 1917 చట్టంలోనే ఉంది. 2021లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. సర్వే అంటే కాగితం మీద ముద్ర కాదు. పడవ అడుగు, ఇంజను, నిలకడ, లైఫ్ జాకెట్లు, మంటలార్పే సామాను చూసి, ఎంతమందిని ఎక్కించవచ్చో తేల్చడం. అయితే ఎంత మంచి సర్టిఫికెట్టయినా ఈరోజు వరద ఎంతో చెప్పదు. ‘ఇవాళ వద్దు’ అనే మనిషి రేవులో వేరే ఉండాలి.

గత వేసవిలో ఒక సరస్సు దగ్గర (పేరెందుకు లెండి) పడవ పక్కన వెలిసిపోయిన రంగులో 20 అని కనిపించింది. ఎక్కినవాళ్ళను లెక్కపెడితే 31. మనవరాలి జాకెట్టుకు బెల్టు తెగి ఉంది.

“ఈ అంకె ఏమిటి తంబీ?” అన్నాను.

“అది పాత పెయింటు సార్. ఎవరూ అడగరు.”

మేం దిగిపోయాం. “అందరూ వెళ్తున్నారు కదా మామయ్యా!” అని కోడలు చిన్నబుచ్చుకుంది. నా మీద నాకే చిరాకు వేసింది, పిల్లల సరదా చెడగొట్టానని. గట్టు మీద వేరుశెనక్కాయలు తింటూ కూర్చున్నాం.

ముప్పావుగంటకు ఆ తంబీయే వచ్చి పిలిచాడు. మాతో కలిపి లెక్కపెట్టాను, 19. అమ్మాయికి బెల్టు సరిగా ఉన్న జాకెట్టు వెతికి ఇచ్చాకే ఎక్కాం.