పరువు చాటున జబ్బు

ఇంట్లో ఎవరికైనా కాలు విరిగితే నలుగురికీ చెబుతాం. మనసుకు జబ్బు చేస్తే తలుపులు మూసుకుంటాం. ఈ సిగ్గు జబ్బుతో పుట్టినది కాదు, సమాజం కల్పించుకున్నది. కనుకనే అది అన్ని చోట్లా ఒకే తీరుగా ఉండదు.

జపానులో అది జబ్బు పేరును పట్టుకొని ఉండేది. స్కిజోఫ్రెనియా అనే మనోవ్యాధిని అక్కడ 'మనసు చీలిన జబ్బు' అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. ఆ మాటను రోగికి చెప్పడానికి వైద్యులు సైతం జంకేవారు. రోగుల కుటుంబాల సంఘం కోరగా 2002లో పేరు మార్చారు. ఆ తరువాత జబ్బు సంగతి రోగికి చెప్పే వైద్యులు పెరిగారు.

మనకు పేరు మారిస్తే చాలునా? చాలదని నా అభిప్రాయం. 'పిచ్చితల్లీ' అని బిడ్డను ముద్దు చేసేవాళ్లం మనం! మన సిగ్గు మాటలో కంటే ఇంటి పరువులో ఎక్కువగా ఉంది. అన్నకు జబ్బని తెలిస్తే చెల్లెలికి సంబంధాలు రావని భయం. గాలి సోకిందన్నా, ఎవరో చేతబడి చేశారన్నా పరువుకు అంత నష్టం లేదు. తప్పు బయటివారిది అవుతుంది కదా. అందుకే వైద్యుని కంటే ముందు భూతవైద్యుడు గుర్తుకు వస్తాడు. నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్లు గడిచిపోతాయి.

ఇలా దాచడం ఎంతవరకు పోతుందో తమిళనాడులోని ఏర్వాడి చూపింది. రామనాథపురం జిల్లాలోని ఆ ఊరికి స్వస్థత కోరి మనోరోగులను తీసుకువచ్చేవారు. కొందరిని అక్కడి ప్రైవేటు ఆశ్రయాలలో వదిలి వెళ్లేవారు. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున అటువంటి ఒక ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు. నమ్మి వచ్చినవారిని నిందించలేం. గొలుసులు వేసినవారిని ఎలా క్షమించడం? రోగులను గొలుసులతో బంధించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది.

పరువు భయం చట్టంతో పోదు. దానికి బళ్ళారిలో దొరికిన ఉపాయం నాకు నచ్చింది. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న ఆ జిల్లాలో 1980లలో బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు ఒక ప్రయత్నం చేశారు. రోగిని దూరపు ఆసుపత్రికి రప్పించకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకే మనోవ్యాధుల చికిత్స నేర్పారు. 1996లో కేంద్ర ప్రభుత్వం ఆ నమూనాతోనే జిల్లా మానసిక ఆరోగ్య పథకం ప్రారంభించింది. జ్వరానికి వెళ్లే గుమ్మంలోకే దీనికీ వెళ్లవచ్చు. వరుసలో ఎవరు దేనికి నిలబడ్డారో ప్రక్కవారికి తెలియదు. అక్కడికి కూడా వెళ్లలేనివారు 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.