కర్ణుని లోపమా, సభవారి లోపమా?

విషాదాంత నాటకములను గూర్చి వ్రాయువారును, ఉపన్యసించువారును ఒకే కొలబద్దను చేతబట్టి తిరుగుచున్నారు. దాని పేరు ‘నాయకుని లోపము’. ఏ వీరుడు కూలినను వాని స్వభావమున నొక బీట వెదకి చూపుదురు. ఇందుచేతనే పడెనని తీర్పు చెప్పి చేతులు దులుపుకొందురు. ఒథెల్లోకు అనుమానము, మాక్బెత్తునకు రాజ్యకాంక్ష యని వల్లించిన నోటితోనే కర్ణునకు అసత్యమాడుట యనుచున్నారు. ఈ కడపటి మాట నేను సహింపజాలను.

అరిస్టాటిలు వాడిన ‘హమార్తియా’ యను పదమునకు మూలమైన క్రియకు గురి తప్పుట యని యర్థము. అది విలుకాని మాట. ఆ పండితుడు మెచ్చిన ఈడిపసు తన్ను గన్నవారెవరో యెరుగకయే తండ్రిని చంపెను. ఎరుగమి దుర్గుణ మెట్లగును? మన కర్ణుడును విలుకాడే, తన పుట్టు వెరుగక పెరిగినవాడే.

1912లో గణపతిశాస్త్రిగారు తిరువనంతపురమున వెలికి తెచ్చిన భాస నాటకములలో ‘కర్ణభారము’ చిన్నది. ఒక పూటలో చదువవచ్చును. అందు కర్ణుడు యుద్ధమునకు పోవుచు తన శాపవృత్తాంతమును శల్యునకు చెప్పును. క్షత్రియులకు విద్య చెప్పనని పరశురాముడనగా, తాను క్షత్రియుడను కానని యీతడు బదులు పలికెనట. సూతుని యింట పెరిగిన బాలునకు అంతకంటె వేరు సత్యమేది? తా నెరిగిన నిజమును పలికినవాడు, తా నెరుగని జన్మచే అబద్ధీకుడయ్యెను. భారతమున బ్రాహ్మణుడనని చెప్పుకొన్నాడందురా? చెప్పుకొన్నాడు. కులము చూచి విద్య నిచ్చు గురువునొద్ద కులము మార్చి చెప్పినవానిని దూషించుచు, ఆ నియమమును గూర్చి పెదవి కదపకుండుట ఏమి న్యాయము? అస్త్రవిద్యా ప్రదర్శనమునాడు కృపుడు వంశమడిగెను. భీముడు కొరడా పట్టుకొమ్మని యెగతాళి చేసెను. కర్ణుడు తల వంచెను. విషాదము అక్కడనే మొదలైనది.

కర్ణునకు లోపమే లేదా యని యడుగుదురు. కలదు, అది ఘోరమైనది. నిండుకొలువున ద్రౌపదిని కులటయని నిందించి, వస్త్రము లూడ్వుడని పలికిన నాలుక అతనిదే. ఆ మాట ఎవరును పలికింపలేదు. కాని మన విమర్శకులలో పెక్కురు దానిని దాటిపోయి, గురుకులములోని మాటనే పట్టుకొని వ్రేలాడుదురు. ఒక స్త్రీకి జరిగిన యవమానము వారి కంత తేలికగా తోచెను గాబోలు!

ఈ వీరుని మహత్త్వము నెరిగిన కవి యొకడు మన నేలమీదనే యుండెను. నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరిన వేములవాడలో, రెండవ అరికేసరి కొలువున, పంపకవి 941 ప్రాంతమున కన్నడమున భారతము రచించెను. తన ప్రభువునే అర్జునునిగా నిలిపి వ్రాసినవాడు, అర్జునుని శత్రువైన కర్ణునకు కావ్యమున తల వంచి నమస్కరించెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగరము జిల్లా కుర్క్యాల బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున తెలుగు కందపద్యములున్నవని మనము గర్వపడుదుము, మంచిదే. అన్నగారి కర్ణుని మాత్రము చదువము.

ఇక మన పల్లెల మాట. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో చిందు యక్షగానమాడువారు మాదిగల నాశ్రయించి బ్రదికిన కళాకారులు. రాత్రియెల్ల కిరీటము ధరించి రాజుగా నిలిచినవాడు, తెల్లవారి రంగు కడుగుకొన్నంతనే ఊరి బయటి మనిషియగుట తరతరములుగా సాగినది. అతని పతనమునకు అతని స్వభావమున ఏ బీట వెదకెదరు? నాయకుని లోపమును గూర్చి మరల నుపన్యసింపబోవు పెద్దలు, ముం దొకసారి వారాడు జాంబపురాణమును తుదివరకు కూర్చుండి చూతురు గాక. కర్ణుడు తల వంచిన ప్రశ్నకే అందు జాంబవముని బ్రాహ్మణుని యెదుట నిలిచి, తల యెత్తి బదులు చెప్పును.