రేవు దగ్గర తిరగాల్సిన ఫ్యాన్

కారు పరుగు మీదున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. బండి ఆగి, ఇంజిన్ తిరుగుతున్నప్పుడే ఫ్యాన్‌తో అసలు పని. ఆ ఫ్యాన్‌ను ఇంజిన్ బెల్టుతోనైనా తిప్పాలి, కరెంటు మోటారుతోనైనా తిప్పాలి.

పాత అంబాసిడర్‌ది బెల్టు పద్ధతి. వాటర్ పంపు, ఫ్యాన్ ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఇంజిన్ ఎంత జోరుగా తిరిగితే ఫ్యాన్ అంత జోరుగా తిరుగుతుంది. తిరకాసు అక్కడే ఉంది. గాలి కావలసిన చోట, అంటే బండి నిలబడ్డప్పుడు, రెక్కలు నీరసంగా తిరుగుతాయి. గాలి అక్కర్లేని పరుగులో రివ్వుమంటాయి. ఫ్యాన్ వేగం రెట్టింపయితే వచ్చే గాలి రెట్టింపే, అది తినే శక్తి మాత్రం ఎనిమిది రెట్లు. ఈ దండుగను తగ్గించడానికే జీపులకు, లారీలకు సిలికాన్ నూనెతో పనిచేసే విస్కస్ క్లచ్ పెట్టారు. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితేనే అది ఫ్యాన్‌ను గట్టిగా పట్టుకుంటుంది.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ఇంజిన్‌ను అడ్డంగా అమర్చారు. బెల్టు ఉండే కొస పక్కకు తిరిగింది, రేడియేటర్ ముందే ఉండిపోయింది. దానికి కరెంటు ఫ్యాన్ వీలైంది. ఇలాంటి కార్లలో నీళ్ల వేడి దాదాపు 95 డిగ్రీలకు చేరగానే ఫ్యాన్ అందుకుంటుంది, చల్లబడగానే ఆగిపోతుంది. ఇంజిన్ వేగంతో దానికి నిమిత్తం లేదు.

కోనసీమ దారులకు ఏది నప్పుతుంది? సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు కోసం మే నెల ఎండలో, ఏసీ ఆపకుండా నిలబడ్డ కారును చూస్తే తెలుస్తుంది. వీచే గాలి లేదు, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోంది. బానెట్ కింద ఫ్యాన్ ఒక్కసారిగా హోరుమంటుంది, కాసేపటికి సద్దుమణుగుతుంది, మళ్లీ అందుకుంటుంది. అమలాపురం గడియార స్తంభం సెంటర్‌లో ట్రాఫిక్ బిగుసుకున్నా ఇదే వరస. బెల్టు ఫ్యాన్ సత్తా బయటపడేది బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు. మారేడుమిల్లి దారిలో లోడు లారీకి అది కావాలి. కోనసీమలో ఎక్కుడంటే ఏటిగట్టూ, వంతెన మొగలూ తప్ప మరొకటి లేదు.

అయితే బెల్టు వదులైతే కీచుమని చెబుతుంది. కరెంటు ఫ్యాన్ చెప్పకుండా ఆగిపోతుంది. ఫ్యూజు పోయినా, రిలే చెడినా, వైరు చిలుము పట్టినా రోడ్డు మీద పరుగులో తెలియదు, రేవులో ముల్లు ఎర్రగీత దాటాకే తెలుస్తుంది. సముద్రతీర మండలాల్లో బోరునీళ్లు ఉప్పన. అవి పోస్తే రేడియేటర్ గొట్టాలు పూడుకుపోతాయి, ఇక ఏ ఫ్యానూ ఆదుకోలేదు. కూలెంటే పోయాలి. ఇంజిన్ ఆపాక కూడా కొన్ని బళ్లలో ఫ్యాన్ దానంతటదే తిరగవచ్చు, చెయ్యి పెట్టకూడదు.

కోనసీమ కారుకు కరెంటు ఫ్యానే తగినది. ఎండాకాలం రాకముందే ఇంటి ముందు బండి నిలబెట్టి, ఇంజిన్ వేడెక్కేదాకా ఉంచి, ఫ్యాన్ అందుకుంటోందో లేదో ఒకసారి చూసుకోవాలి.