వైఫై ఫుల్.. కాల్ మాత్రం నిల్! గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లలో రూటర్ దగ్గర ఏం జరుగుతోంది?

ఇంటికి ఫైబర్ వచ్చింది. యూట్యూబ్ ఆగకుండా ఆడుతోంది. సీరియల్ కూడా ఫోన్‌లోనే. కానీ ముంబై నుంచో, బెంగళూరు నుంచో, దుబాయ్ నుంచో కొడుకు ఫోన్ చేస్తే మాత్రం.. 'హలో.. హలో.. ఇనొస్తలేదు బిడ్డా' అని పెట్టేయాల్సి వస్తోంది. ఇటు మాట అటు పోతుంది, అటు మాట ఇటు రాదు. లేదంటే అసలు రింగే కాదు.

ఎవరిని అడిగినా ఒక్కో మాట చెప్తారు. యాప్ బాగోలేదని ఒకరు, ఫోన్ పాతదైపోయిందని ఇంకొకరు, నెట్ స్లో అని కేబుల్ ఆఫీసులో. గోడకు తగిలించిన ఆ చిన్న డబ్బా వైపు మాత్రం ఎవరూ చూడరు. చాలాసార్లు తేడా అక్కడే ఉంటోంది.

ఈ మూడు జిల్లాల్లో ఇది ఎందుకు పెద్ద విషయం?

2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యే వరకు ఈ మూడూ ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోనివే. పాలమూరు అంటేనే వలస. ప్రాజెక్టుల దగ్గర మట్టి పనికి, ముంబై, పుణెల్లో బిల్డింగ్ పనికి ఇక్కడి కుటుంబాలు దశాబ్దాలుగా పోతున్నాయి. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. వాళ్లకు ఫోనే దారి. ఒకప్పుడు ఎస్టీడీ బూత్ ముందు నిలబడేవాళ్లు, ఇప్పుడు వాట్సాప్ కాల్ కోసం చూస్తున్నారు.

గద్వాలలో అయితే ఇది వ్యాపారం కూడా. జరీ అంచు చీర కొనే కస్టమర్ హైదరాబాద్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా వీడియో కాల్‌లో చూపించమంటున్నారు. పగటి వెలుతురులో కొంగు ఎలా ఉంది, అంచు ఎక్కడ కలిసింది అని దగ్గరగా చూస్తారు. ఆ టైమ్‌లో బొమ్మ ఆగిపోతే బేరం ఆగిపోయినట్టే. ఇక నాగర్‌కర్నూల్ వైపు నల్లమల సంగతి చెప్పక్కర్లేదు. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డెక్కితే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మందపాటి గోడల పాత ఇళ్లలో అయితే ఊరు మధ్యలో కూడా లోపలికి సిగ్నల్ రాదు, ఫోన్ పట్టుకుని వాకిట్లోకి రావాల్సిందే. ఇలాంటి చోట వైఫై మీద మామూలు కాల్ మాట్లాడే 'వైఫై కాలింగ్' నిజంగా పనికొచ్చే సదుపాయం. ఎయిర్‌టెల్ దీన్ని 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి. వేరే యాప్ అక్కర్లేదు, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే చాలు. చాలామంది ఫోన్లలో ఇది ఇప్పటికీ ఆఫ్‌లోనే ఉంటోంది!

ఇంతకీ ఆ డబ్బా ఏం చేస్తుంది?

పాత హాస్టల్ ఫోన్ గుర్తుందా? మొత్తం హాస్టల్‌కి ఒకటే నంబర్. వార్డెన్ దగ్గర ఉంటుంది. లోపలి కుర్రాడు బయటికి ఫోన్ చేసి 'తిరిగి చేస్తారు సార్' అని చెప్పి ఉంచితే, వచ్చిన కాల్ ఆ కుర్రాడికి ఇస్తారు. ఎవరికోసమో తెలియని కాల్ వస్తే పెట్టేస్తారు. రూటర్ అచ్చం ఆ వార్డెనే.

ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌కీ, టీవీకీ రూటర్ లోపలి నంబర్ ఒకటి ఇస్తుంది. సాధారణంగా 192.168 అని మొదలవుతుంది. బయటికి మాత్రం అందరికీ కలిపి ఒకటే అడ్రస్. లోపలి నుంచి ఏదైనా బయటికి వెళ్తే రూటర్ తన పట్టీలో రాసుకుంటుంది, దాని జవాబు వస్తే లోపలికి పంపుతుంది. పట్టీలో లేనిది వస్తే పారేస్తుంది. ఇదే ఫైర్‌వాల్ చేసే ముఖ్యమైన పని. వెబ్‌సైట్లకు, వీడియోలకు దీనితో ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అడిగేది ఎప్పుడూ మనమే.

ఫోన్ కాల్ అలా కాదు కదా. అవతలి వాళ్లు ఎప్పుడు చేస్తారో తెలియదు. పైగా మాట వెళ్లేది యూడీపీ అనే పద్ధతిలో. అందులో 'పంపాను, అందిందా' అనే లెక్క ఉండదు, వేగమే ముఖ్యం. ఇలాంటి దారుల్ని రూటర్లు ఎక్కువసేపు గుర్తుపెట్టుకోవు. కొన్నింటిలో 30 సెకన్లు ఏమీ రాకపోతే పట్టీలోంచి కొట్టేస్తాయి. కనీసం 2 నిమిషాలు ఉంచాలని 2007లోనే ఇంటర్నెట్ ప్రమాణాలు చెప్పినా, చవక రూటర్లు అన్నీ పాటించవు.

వాట్సాప్ లాంటి పెద్ద యాప్‌లు దీన్ని చాలావరకు దాటేశాయి. నేరుగా దారి దొరక్కపోతే తమ సర్వర్ల మీదుగా మాటను తిప్పి పంపుతాయి. అందుకే రూటర్ ఫైర్‌వాల్ 'మీడియం'లో ఉంటే వాట్సాప్‌కి మామూలుగా ఏమీ కాదు. 'హై'లో పెట్టారా.. కొన్ని మోడళ్లు యూడీపీనే ఆపేస్తాయి. అప్పుడే మాట తెగిపోవడం, రోబో గొంతులా రావడం. వైఫై కాలింగ్ కూడా అక్కడే ఆగుతుంది, ఎందుకంటే అది 500, 4500 అనే రెండు పోర్టుల మీద కంపెనీ వరకు ఒక సొరంగం లాంటిది వేసుకుంటుంది. ఆ దారి మూస్తే ఫోన్ పైన వైఫై కాల్ గుర్తు రాదు.

అసలు చిక్కు ఆఫీసు ఫోన్లతో..

హైదరాబాద్ కంపెనీలకు ఇంటి నుంచే కాల్ సెంటర్ పని చేసే యువత ఈ జిల్లాల్లోనూ ఉన్నారు. వాళ్లు వాడేది లాప్‌టాప్‌లోని ఫోన్ సాఫ్ట్‌వేర్. అది ఎక్కువగా నడిచేది 'సిప్' అనే పద్ధతి మీద. ఇప్పుడు వాడుతున్న సిప్ ప్రమాణం 2002 నాటిది. ఇందులో ఒక తిరకాసు ఉంది. 'నా మాట ఈ అడ్రస్‌కి పంపండి' అని సిప్ తన ఉత్తరం లోపల రాస్తుంది. రాసేది ఇంటి లోపలి 192.168 అడ్రస్. బయటివాళ్లకు ఆ అడ్రస్‌తో పని లేదు. ఫలితం ఏంటంటే మీ మాట వాళ్లకు వినిపిస్తుంది, వాళ్ల మాట మీకు రాదు.

దీన్ని సరిచేస్తానని రూటర్‌లో 'సిప్ ఏఎల్‌జీ' అనే స్విచ్ పెట్టారు. ఉత్తరం విప్పి అడ్రస్ మార్చి పంపడం దాని పని. కానీ చాలా రూటర్లలో అది సగం మార్చి సగం వదిలేస్తుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను అప్పటికే అడ్రస్ సరిచేసుకుని ఉంటే, ఇది మళ్లీ వేలు పెట్టి చెడగొడుతుంది. సాయం చేయబోయి పని పెంచడమంటే ఇదే!

ఒక గుర్తు చెప్తా. కాల్ ఎత్తాక సరిగ్గా 32 సెకన్ల దగ్గర కట్ అవుతోందా? ప్రతిసారీ అంతేనా? అది సిగ్నల్ సమస్య కానే కాదు. 'కాల్ ఎత్తాను' అన్న మాటకు 'సరే' అనే జవాబు 32 సెకన్లలోపు అందకపోతే కాల్ ముగించాలని సిప్ నియమం. జవాబు మధ్యలో రూటర్ దగ్గర పోతోందన్నమాట. అలాగే మీరు చేస్తే కాల్ వెళ్తోంది, వాళ్లు చేస్తే మీకు రావట్లేదంటే.. రూటర్ పట్టీలోంచి మీ పేరు కొట్టేసిందని అర్థం. సాఫ్ట్‌వేర్‌లో 'కీప్ అలైవ్' అనేదాన్ని 20 లేదా 25 సెకన్లకు పెడితే పేరు చెరిగిపోదు.

ఫైర్‌వాల్ తీసేస్తే సరిపోతుందా?

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. వనపర్తి దగ్గరి ఊళ్లో మా అవ్వ వాళ్లింట్లో ఇదే జరిగింది. మా చిన్నమ్మ కొడుకు అక్కడి నుంచే కాల్ సెంటర్ పని చేస్తాడు. మాట ఒకవైపే వస్తోందని కంప్లయింట్ ఇస్తే ఒకాయన వచ్చి, ఫైర్‌వాల్ ఆఫ్ చేసి, లాప్‌టాప్‌ని 'డీఎంజెడ్'లో పెట్టి 'అయిపాయె తమ్మీ, ఇగ ఏం కాదు' అని వెళ్లిపోయాడు. కాల్స్ నిజంగానే బాగయ్యాయి. వారం తిరగకముందే అర్ధరాత్రి 2 గంటలకు లాప్‌టాప్ మోగడం మొదలైంది. స్క్రీన్ మీద నంబర్ '100'. పోలీసులేమో అని అవ్వ భయపడింది. ఎత్తితే ఎవరూ లేరు. మరుసటి రాత్రి '1001'.

అది పోలీసులు కాదు, దెయ్యమూ కాదు. 5060 అనే సిప్ పోర్ట్ ఎక్కడ తెరిచి ఉందా అని ఇంటర్నెట్ మొత్తాన్ని వెతికే ప్రోగ్రామ్‌లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. తలుపు తీసి కనిపిస్తే తట్టి చూస్తాయి. పాస్‌వర్డ్ తేలిగ్గా ఉంటే ఆ లైన్ మీద విదేశాలకు కాల్స్ చేస్తారు, బిల్లు మనకు వస్తుంది. డీఎంజెడ్ అంటే ఆ ఒక్క పోర్ట్ కాదు, ఆ లాప్‌టాప్‌కి వార్డెన్‌నే తీసేసినట్టు. సరిచేయడానికి మావాడికి పట్టింది 5 నిమిషాలు. డీఎంజెడ్ తీసేశాడు, ఫైర్‌వాల్ మళ్లీ మీడియంలో పెట్టాడు, సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేశాడు, కీప్ అలైవ్ 20 సెకన్లు పెట్టాడు. రూటర్ ఒకసారి రీస్టార్ట్. అంతే. ఏ పోర్టూ తెరవాల్సిన అవసరమే రాలేదు.

ఇంట్లో మాట్లాడుకునే కాల్స్ కోసం ఫైర్‌వాల్ పూర్తిగా ఆపాల్సిన పరిస్థితి దాదాపు ఉండదు. ఎవరైనా ఆపేస్తానంటే ఎందుకో అడగండి. రిమోట్ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి, మేం సెట్ చేస్తాం అని ఫోన్ వస్తే మాత్రం అడగడం కూడా వద్దు, పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి చేయాలి.

రెండు డబ్బాలున్న ఇళ్లు ఇంకో రకం. కంపెనీవాళ్లు ఇచ్చిన ఫైబర్ డబ్బా ఒకటి, పై అంతస్తు కోసం మనం కొన్న వైఫై రూటర్ ఇంకొకటి. రెండూ రూటర్‌లాగే పనిచేస్తే ఇద్దరు వార్డెన్లు, రెండు పట్టీలు. మనం కొన్నదాన్ని 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లో పెడితే ఒక అడ్డు తగ్గుతుంది.

మన చేతిలో లేనిది..

ఇంత చేసినా కొన్నిసార్లు పని కాదు. రూటర్ పేజీలో బయటి అడ్రస్ ఎంతుందో చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, మన వార్డెన్ పైన కంపెనీ దగ్గర ఇంకో పెద్ద వార్డెన్ ఉన్నాడని అర్థం. పాత రకం ఇంటర్నెట్ అడ్రస్‌లు అయిపోవడంతో వందల ఇళ్లకు కలిపి ఒకటే అడ్రస్ ఇస్తున్నారు. అప్పుడు మన రూటర్‌లో పోర్ట్ ఎన్ని తెరిచినా లాభం లేదు. ఐపీవీ6 ఆన్‌లో ఉంటే, అవతలి సర్వీసు కూడా దాన్ని వాడితే, ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. ఫైర్‌వాల్ మాత్రం అప్పుడూ ఉండాల్సిందే.

గల్ఫ్ సంగతి వేరే. యూఏఈలో ఉన్న మనవాళ్లకు వాట్సాప్ కాల్ వెళ్లదు. అది అక్కడి నెట్‌వర్క్ దగ్గరే ఆపారు, వనపర్తిలో రూటర్ మార్చినా కలవదు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే దారి. వీపీఎన్ వేసుకోమని వాళ్లకు సలహా ఇచ్చే ముందు ఆలోచించాలి. నేరం చేయడానికో, దాన్ని దాచడానికో వీపీఎన్ వాడితే అక్కడి 2021 సైబర్ చట్టం ప్రకారం 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల వరకు జరిమానా పడొచ్చు.

ఇప్పుడు ప్రభుత్వాల వైపు చూద్దాం. ఊరూరా ఫైబర్ కోసం సవరించిన భారత్‌నెట్‌కు కేంద్రం 2023 ఆగస్టులో 1.39 లక్షల కోట్ల రూపాయలు ఆమోదించింది. రాష్ట్రంలో టీ-ఫైబర్ పైలట్ 2024 డిసెంబర్‌లో మొదలైంది. 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నాణ్యత నియమాలు కూడా బ్రాడ్‌బ్యాండ్ వేగం, ఆలస్యం, మధ్యలో పోయే డేటా లాంటివి కొలుస్తాయి. బాగానే ఉంది. కానీ కొలత డబ్బా దగ్గర ఆగిపోతోంది. డబ్బా లోపల సెట్టింగ్ వల్ల కాల్ పోతే అది ఎవరి లెక్కలోనూ రాదు, ఎవరి తప్పూ కాదు.

నా దృష్టిలో అడగాల్సింది ఒకటే. కనెక్షన్ ఇచ్చే రోజు స్పీడ్ టెస్ట్ చూపించినట్టే ఒక వైఫై కాల్ చేసి చూపించాలి, రూటర్ పాస్‌వర్డ్ ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి. చాలా ఇళ్లలో ఆ పాస్‌వర్డ్ తెలిసింది లైన్ వేసిన మనిషికే. ఇస్తే మార్చేస్తారని భయమట! మార్చుకుంటే తప్పేంటి, డబ్బా ఉన్నది మన గోడకే కదా. ఇచ్చాక మాత్రం అడ్మిన్, అడ్మిన్ అని ఉన్నదాన్ని ఆ రోజే మార్చేయండి.

ఫైబర్ డబ్బాకే ల్యాండ్‌లైన్ ఫోన్ తగిలించుకున్నవాళ్లకు ఇంకో మాట. ఆ లైన్‌ని కంపెనీ సాధారణంగా వేరే దారిలో నడుపుతుంది, కాబట్టి మన ఫైర్‌వాల్‌తో దానికి పెద్దగా సంబంధం లేదు. చెడితే వాళ్లే చూడాలి. అయితే పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి కరెంట్ ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంట్ పోయినా ఫోన్ మోగేది. ఇది అలా కాదు. కరెంట్ పోతే డబ్బా ఆగుతుంది, ల్యాండ్‌లైన్, వైఫై కాలింగ్, వాట్సాప్ అన్నీ ఒకేసారి ఆగుతాయి. రూటర్‌కి సరిపడే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు దొరుకుతాయి, కొనేముందు డబ్బా వెనక ఎన్ని వోల్టులని రాసుందో చూసుకోండి. అర్ధరాత్రి 108కో, 112కో చేయాల్సి వస్తే ఇంట్లో ఏ మూల మొబైల్ సిగ్నల్ వస్తుందో పెద్దవాళ్లకు పగలే చూపించి ఉంచండి. మా అవ్వకైతే మెట్ల మీద మూడో మెట్టు.