గిటారు మెట్లపై గమకం

గత సంవత్సరం ఒక అంతర కళాశాల పోటీలో ఒక విద్యార్థి ఎలక్ట్రిక్ గిటారుపై సోలో వినిపించాడు. వెనుక రాక్ సంగీతపు డ్రమ్ములు, ముందు కల్యాణి స్వరాలు. సభ కరతాళ ధ్వనులతో మార్మ్రోగింది. న్యాయనిర్ణేతలు మాత్రం, ఇది అటు కచేరీయూ కాదు, ఇటు రాకూ కాదని బహుమతి నిరాకరించారు. ఆనాడు మేమూ కినుక వహించాము. తరువాత ఆలోచించగా, తీర్పు కఠినమే గాని ఆ మాటలో కొంత సత్యమున్నదని తోచింది.

మన శంకరాభరణ స్వరాలే పాశ్చాత్యుల మేజర్ స్కేలు. ఖరహరప్రియ స్వరాలే వారి డోరియన్. ఈ పోలిక తెలిసినంత మాత్రాన ఫ్యూజన్ చేతికందినదని మన యువకులు భ్రమిస్తున్నారు. ఆరభికి, దేవగాంధారికి ఆరోహణావరోహణలు ఒక్కటే. అయినను విన్న మరుక్షణమే రసికుడు రెంటినీ వేరు చేయగలడు. ఆరభి చురుకుగా, సూటిగా సాగుతుంది. దేవగాంధారి నిదానంగా ఊగుతూ నడుస్తుంది. రాగం స్వరాల పట్టికలో లేదు, స్వరం నుండి స్వరానికి పోయే దారిలో ఉన్నది. గిటారుకు వచ్చిన చిక్కంతా అక్కడనే.

వీణ మెట్లు మైనంపై ఎత్తుగా నిలిచి ఉంటాయి. తంత్రిని ప్రక్కకు లాగి ఒకే మెట్టుపై అనేక స్వరాలు పలికించవచ్చు. గిటారు మెట్లు పొట్టివి. వ్రేలు కర్రకు తగిలి ఆగిపోతుంది. ఈ ఇబ్బందిని జాన్ మెక్‌లాఫ్లిన్ ఎదుర్కొన్న తీరు గమనింపదగినది. 1971లో స్థాపించిన మహావిష్ణు ఆర్కెస్ట్రాతో ఆయన ఎలక్ట్రిక్ గిటారు వాదకునిగా జగత్ప్రసిద్ధులు. అంతటి కీర్తి ఉండి కూడ, అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ గారి వద్ద శిష్యరికం చేశారు. పిమ్మట శక్తి బృందంలో ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుసేన్ తబలా, విక్కు వినాయకరాం ఘటం సరసన మామూలు చెక్క గిటారు పట్టుకొని కూర్చున్నారు. ఆ గిటారు మెట్ల నడుమ కర్రను పల్లంగా తొలిపించుకొన్నారు. అనుధ్వని కొరకు అదనపు తంత్రులు అమర్చుకొన్నారు. 1976లో వెలువడిన వారి తొలి రికార్డు వింటే, చేతిని మాత్రమే గాక వాద్యాన్నే మార్చుకొన్న మనిషి కనబడతాడు.

అంత దూరం పోనక్కరలేదు. 1969లో పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ ఐదు ఒంటి తంత్రుల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టారు. ఆయన గురువు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడేవారు, బాలుడు దానిని తంత్రిపై పలికించేవాడు. పాఠం గొంతులో నుండి వచ్చింది గనుకనే వ్రేళ్లకు గమకం అబ్బిందని మా నమ్మకం. 2014లో అకాల మరణం పొందిన ఆ కళాకారుడే, అంతకు ముందు రిమెంబర్ శక్తి బృందంలో మెక్‌లాఫ్లిన్ సరసన వాయించారు. ఒకరు గిటారును మన వైపు నడిపించగా, మరొకరు మన సంగీతాన్ని పరాయి వాద్యంపైకి నడిపించారు. ఇద్దరి కలయికలో అతుకు కనబడదు.

పరదేశపు వాద్యం మన సంగీతానికి పనికిరాదనే పెద్దలతో మేము ఏకీభవింపజాలము. బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను చేపట్టిననాడు అదియూ పరదేశపుదే. జుగల్‌బందీ అనే మాట సయితం సగం సంస్కృతం, సగం ఫారసీ! కాని ఫ్యూజన్ పేరిట వేగాన్ని ఆరాధించే యువకులతోనూ మాకు పేచీ ఉన్నది. నిమిషానికి ఎన్ని స్వరాలు రాలినవనేది లెక్క కాదు. ముక్తాయింపు సమానికి చేరినదా, గాంధారం దాని చోట ఊగినదా అని చూడవలె. రెండు వ్యాకరణాలూ రానివాడు రెంటినీ కలుపలేడు.

ఆ విద్యార్థి ఇప్పుడు గిటారు భుజాన వేసుకొని ఒక వీణ ఉపాధ్యాయిని ఇంటికి పోతున్నాడు. ఆమె ముందు గిటారును గోడకు ఆనించమని, పాడమంటారట. రెండు నెలలైనా కల్యాణి వర్ణంలో పల్లవి దాటలేదని మొన్న మాతో మొర పెట్టుకొన్నాడు. ఈ ఏడు పోటీకి పేరు ఇవ్వలేదు.