మినీ ప్రాజెక్టుకి గబ్బిలం పనికిరాదా?

గబ్బిలం అనగానే తెలుగువాళ్ళకి 1941 నాటి జాషువా కావ్యం గుర్తొస్తుంది. అపశకునమని జనం తరిమేసే జీవి చేతే ఆయన శివుడికి కబురు పంపించాడు. ఆ గబ్బిలం ఏమంటోందో వినే పరికరం చేయగల చదువు మనది. మరి ఎందుకు వినం?

పలమనేరు దాటి బార్డర్ అవతలికి పోతే కోలారు జిల్లా. అక్కడ హనుమనహళ్ళి దగ్గరి ఒకే ఒక్క గుహలో 'కోలార్ లీఫ్ నోస్డ్ బ్యాట్' బతుకుతా ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా దీని జాడ లేదు. 200 కూడా లేవని అంచనా. గ్రానైట్ తవ్వకాలతో దాని ఇంటికే ముప్పొచ్చింది. మన ఉస్మానియా యూనివర్సిటీ పరిశోధకులూ దాని మీద పనిచేశారు. దాని అరుపు సుమారు 100 కిలోహెర్ట్జ్. మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడి నుంచి అంతా మన సిలబసే. నైక్విస్ట్ లెక్కన ఆ అరుపు పట్టాలంటే సెకనుకి 2 లక్షలకి పైగా శాంపిల్స్ కావాలి. మామూలుగా ఫోన్ తీసేది 48 వేలు. ఆడియోమాత్ అనే ఓపెన్ సోర్స్ రికార్డర్, అరచేతిలో పట్టేంతది, 3,84,000 దాకా తీస్తుంది. 16 బిట్లలో అయితే గంటకి 2.7 జీబీ, రాత్రంతా పెడితే 30 జీబీ పైనే. అందుకే అరుపు వినిపించినప్పుడే రికార్డయ్యేలా ట్రిగ్గర్ రాయాలి, బ్యాటరీ మిగల్చాలి, స్పెక్ట్రోగ్రామ్‌లో జాతిని గుర్తుపట్టాలి. ఇంకో లైన్ ఫాలోయర్ రోబో కంటే ఇది మంచి ప్రాజెక్టు కాదా?

"అది జువాలజీ వాళ్ళ పని కదా" అంటారు. జాతి పేరు తేల్చాల్సింది వాళ్ళే, ఒప్పుకుంటా. పరికరం మాత్రం మనం చేసివ్వాల్సిందే. దానికీ పరిమితులున్నాయి. ఒకే గబ్బిలం పదిసార్లు తిరిగినా పది అరుపులే పడతాయి, కాబట్టి ఎన్ని ఉన్నాయో కచ్చితంగా చెప్పదు. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు ఇలా అరిచి దారి వెతుక్కోవు, అవి దొరకవు. కానీ గుహలోకి దూరి వాటిని బెదరగొట్టకుండానే ఏవి, ఎప్పుడు తిరుగుతున్నాయో చెప్తుంది.

శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్. అడవిలో పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. దానికి ముందు మన హాస్టల్ వెనక వీధిదీపం ఉంది, దాని చుట్టూ పురుగులున్నాయి, వాటి కోసం గబ్బిలాలు వస్తాయి. ప్రతి వారం ఒక రాత్రి రికార్డు చేసి, ఆ ఫైళ్ళని జూనియర్లకి అప్పగించి పోదాం. పదేళ్ళ తర్వాత ఆ అరుపులు తగ్గితే, తగ్గాయని చెప్పడానికి ఒక లెక్కైనా ఉంటుంది. ఇప్పుడైతే అవి పూర్తిగా పోయినా మనకి తెలీదు.