సీసాలో గౌడి, లేబుల్‌పై పైష్టి

ఇంటిలో 'ఓల్డ్ ఫాషన్డ్' కలుపుకొనువారికి ఒక ప్రశ్న. చక్కెర, నాలుగు చుక్కల బిటర్స్, మంచుముక్క, నారింజ తొక్క - అన్నియు సరియే. అందులో పోయుచున్నది విస్కీయేనా?

మనుస్మృతి సురను మూడు విధములుగా చెప్పినది: బెల్లముతో గౌడి, పిండితో పైష్టి, మధువుతో మాధ్వి. ధాన్యమునుండి పుట్టు విస్కీ పైష్టి. ఐరోపా నిబంధనల ప్రకారము ధాన్యమునుండి పుట్టి, మూడేండ్లు కొయ్యపీపాలో ఉన్నదే విస్కీ. మన చవక 'విస్కీ'లలో పెక్కింటికి మూలము చెరకు మడ్డి. అనగా గౌడి!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరుగబడిరి. 1993లో రాష్ట్రమున సారా నిషిద్ధమైనది. నాటి ప్రభుత్వ సారాకును తల్లి ఈ మడ్డియే. కూలివాని గ్లాసులో పాపమైనది మన గాజుపాత్రలో నాగరికత ఎట్లగును? మానుమన్న మానరు, లేబుల్‌పై నిజము వ్రాయుమనియైన అడుగుడు.

- బహదూర్‌పురా